వద్దు అని రాసిన మూటలు

6, సోమవారం

తాళం తిరిగింది కానీ తలుపు రాలేదు. తోశాను, తన్నాను, తిట్టాను. పక్కింటి నర్సమ్మ గోడ మీంచి తొంగిచూసి, "అలా తోస్తే రాదు, పైకెత్తి తొయ్యాలి. పుట్టి పెరిగిన ఇల్లు, మర్చిపోయారా?" అంది. మర్చిపోలేదు. నేను ఉన్న రోజుల్లో ఆ తలుపు ఇలా కుంగి లేదు.

ముందు గది ఒకప్పుడు నాన్న దర్జీ కొట్టు, ఆ తర్వాత అక్క దర్జీ కొట్టు. ఇప్పుడు గుడ్డపేలికల గుట్ట. కుట్టుమిషను దాకా వెళ్లడానికి ఒక మనిషి పట్టేంత సందు, అక్కడి నుంచి వంటింటికి ఇంకో సందు. ఇన్నేళ్లూ అక్క ఆ రెండు సందుల్లోనే బతికినట్టుంది. వంటింటి కిటికీని పెరటి తీగలు కమ్మేశాయి. పట్టపగలే లైటు వెయ్యాల్సి వచ్చింది, వేస్తే వెలగలేదు. పెరట్లోకి దిగడానికి మూడు మెట్లు. రెండోది విరిగిపోయి ఉంది. అక్క పడింది అక్కడే.

పన్నెండింటికి పడితే నాలుగింటికి చూశారు. మిషను చప్పుడు ఆగిపోయి చాలాసేపయిందని నర్సమ్మకు అనుమానం వచ్చిందట. ఆవిడ ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో చేసి రిటైరైన మనిషి కాబట్టి, కదపకుండా అంబులెన్సును పిలిచింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ఇప్పుడు నడక నేర్పిస్తున్నారు. అరవై ఎనిమిదేళ్ల మనిషికి నడక.

నేర్పించే అమ్మాయి నాతో తేల్చి చెప్పింది. ఇరవై నాలుగో తారీకున అక్కను రెండు గంటల కోసం ఇంటికి తీసుకొచ్చి చూస్తుంది. గేటు నుంచి మంచం దాకా, మంచం నుంచి బాత్రూము దాకా ఎక్కడా కాలు తట్టుకోకుండా నడవగలగాలి. ఇంట్లో తోడుకు మనిషి ఉండాలి. ఈ రెండింట్లో ఏది లేకపోయినా ఇంటికి పంపరు, ముసలివాళ్ల హోముకు పంపుతారు. హోము అన్న మాట వినగానే అక్క గోడవైపు తిరిగి పడుకుంది.

పద్దెనిమిది రోజులు. ఇల్లు బాగుచేస్తాను, తోడుకు ఎవరినైనా మాట్లాడి పెడతాను, నా ఊరు నేను వెళ్లిపోతాను. అక్క మీద నాకు కోపం ఏమీ లేదు. ఇంటి కోసం వచ్చాను, అంతే. తర్వాత నేనే మాట మార్చకుండా ఇక్కడ రాసి పెడుతున్నాను.

7, మంగళవారం

సాయంత్రం దాకా ఒక్కడినే చేశాను. ఒక కిటికీ బయటపడింది. నడుము పోయింది.

8, బుధవారం

నర్సమ్మ కడుపులో మాట దాగదు. పొద్దున తలుపు పైకెత్తి లాగేసరికి గుమ్మంలో మౌనం, ఫ్యూజు.

మౌనం వడ్రంగి. బళ్లో మాస్టారు రోజుకు పదిసార్లు వాడివైపు చూసి "మౌనం!" అని అరిచేవారు, అదే పేరైపోయింది. వాడి నోరు మూతపడిన రోజు నాకు తెలిసి లేదు. ఫ్యూజు ఎలక్ట్రీషియను. వాడు నోరు తెరిచేది తినడానికి, అదీ ఆకలేస్తేనే. ముగ్గురం ఒకే బల్ల మీద ఎనిమిదేళ్లు కూర్చున్నాం. ప్రెస్సు మూతపడేదాకా ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దాను కాబట్టి నేను వీళ్లకి ప్రూఫుని.

"ఏరా ప్రూఫూ, సొంత ఇంట్లోకి దొంగలా దూరతావా? వచ్చి మూడ్రోజులట! ఏడేళ్లయిందిరా నీ మొహం చూసి. జుట్టేదిరా? అమ్ముకున్నావా?" అన్నాడు మౌనం.

"పనుల్లో ఉండి రాలేదురా."

"ఏం పనులు? ప్రెస్సు లేదు, ప్రూఫుల్లేవు. గోడల మీద అచ్చుతప్పులు ఏరుతున్నావా?"

వాడికి జవాబు అవసరం లేదు. ఫ్యూజు ఈలోపు స్విచ్చిబోర్డు మూత విప్పి, లోపలికి చాలాసేపు చూసి, "ఇన్నాళ్లు తగలబడలేదంటే ఇల్లు మంచిది," అన్నాడు. రోజు మొత్తానికి అదే వాడి ప్రసంగం.

సాయంత్రానికి ఇరవై ఆరు గోతాల పేలికలు బయటికి వెళ్లాయి. వద్దు వద్దంటున్నా రేపు కూడా వస్తామన్నారు. నిజానికి నేను గట్టిగా అనలేదు. ముగ్గురం గుమ్మంలో కూర్చుని టీ తాగుతుంటే మౌనం నా మోకాలి మీద ఒక్కటిచ్చి, "మీ అక్క కుట్టిన చొక్కా తొడుక్కునే నేను మొదటి పనికి వెళ్లాన్రా. మేస్త్రి నన్ను చూసి ఆఫీసరేమో అనుకుని లేచి నిలబడ్డాడు," అన్నాడు. ఇది యాభైసార్లు విన్నాను. ఇవాళ మళ్లీ వినాలనిపించింది.

10, శుక్రవారం

ఇవాళ పెరడు. మౌనం చేతిలో కొడవలి, నా చేతిలో గొడ్డలి, ఫ్యూజువి ఉత్త చేతులు. వాడే ఎక్కువ పీకాడు. తీగలు లాగేకొద్దీ ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. నీళ్ల తొట్టి. బట్టలు ఉతికే రాయి. ఆరేసే తీగ కోసం నాన్న పాతిన ఇనప గుంజ. నిమ్మచెట్టు బతికే ఉంది. ముళ్లు నన్ను గుర్తుపట్టి మోచేయి గీరాయి.

ఆ తొట్టి గట్టు మీద కూర్చునే నేను చదువు నేర్చుకున్నాను. అమ్మ పోయేసరికి నాకు నాలుగేళ్లు, అక్కకు పదిహేను. నాన్నకు చూపు తగ్గడంతో మరుసటేడు మిషను అక్క చేతికి వచ్చింది. ఎండాకాలం మిషనును పెరట్లోకి, నిమ్మచెట్టు నీడలోకి లాక్కొచ్చేది. మిషను మీద పేపరు ఆనించి పెట్టుకుని, ఒక వాక్యం గట్టిగా చదివి, తొక్కడం మొదలుపెట్టేది. ఆ కుట్టు అయ్యేలోపు నేను ఆ వాక్యం పలక మీద రాసెయ్యాలి. మిషను ఆగితే నా బలపమూ ఆగాలి. చొక్కా చెయ్యి కుడితే పొట్టి వాక్యం, లంగా అంచైతే ఈ చివర నుంచి ఆ చివరకు పేపరువాళ్ల పెద్ద వాక్యం. తప్పు రాస్తే టేపుతో ఒకటి వేసేది, అది తగిలేది కాదు. తగిలినట్టు నేను ఏడ్చేవాణ్ని. ఏడిస్తే ఒళ్లో కూర్చోబెట్టుకుని, నా కాళ్లు తన కాళ్ల మీద పెట్టించుకుని మిషను తొక్కేది.

ముప్పై ఏళ్లు నాకు తిండి పెట్టిన పని ఆ గట్టు మీద మొదలైంది. ఆ సంగతి అక్కతో ఎప్పుడూ అనలేదు. అనేంత సందర్భం రాలేదు.

11, శనివారం

ముందు గదికి గోడలు ఉన్నాయి, ఆకుపచ్చ రంగువి. నాకు నీలమని గుర్తు. ఫ్యూజును అడిగితే "ఆకుపచ్చే" అన్నాడు. మౌనం పసుపు అన్నాడు, వాడి మాట లెక్కలోకి రాదు.

బీరువా జరిపితే వెనక పదకొండు మూటలు. పాత దుప్పట్లలో గట్టిగా కట్టి ఉన్నాయి. ప్రతి మూటకూ పిన్నీసుతో ఒక చీటీ. చీటీ మీద అక్క గుండ్రటి అక్షరాల్లో ఒకటే మాట, 'వద్దు'.

"చూశావురా, మీ అక్క ముందుచూపు!" అన్నాడు మౌనం. "వద్దనుకున్నవి తనే వేరు చేసి పెట్టుకుంది. పారెయ్యడానికి ఓపిక లేకపోయుంటుంది."

ఫ్యూజు ఒక మూట మూల లాగి చూశాడు. పాత పేపర్లు, మడతలు పెట్టి ఉన్నాయి. "విప్పి చూద్దామా?" అన్నాడు.

"అక్కర్లేదు. చదవడం నాకు నేర్పకండి. రెండు అక్షరాలు. తప్పు లేదు, అనుమానం లేదు. వద్దంటే వద్దు," అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, ఇద్దరూ నా మొహం చూశారు.

మధ్యాహ్నం పాత పేపర్లవాడు వస్తే పదకొండూ బండి ఎక్కించాం. గది ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. బాగా పని జరిగిన రోజు. చేతులు కడుక్కుంటుంటే వేలికి రక్తం కనిపించింది. మనసులో ఏదో గుచ్చుకున్నట్టు పొద్దున్నుంచీ ఉంది, ఇదన్నమాట. పిన్నీసే.

12, ఆదివారం

ఆసుపత్రికి వెళ్లాను. అక్క పది అడుగులు వేసిందట. ఎలా ఉన్నావంటే ఆ అంది. తిన్నావా అంది, ఆ అన్నాను. వచ్చేశాను.

13, సోమవారం

నా గది తలుపు ఉబ్బి బిగుసుకుపోతే మౌనం బందులు విప్పి తలుపే పక్కన పెట్టాడు.

కప్పు మీద పెద్ద మరక, మూడుచోట్ల పెంకులు లేవు. నేలంతా గిన్నెలు, బకెట్లు, ఒక పాత తొట్టి. అన్నిట్లోనూ నీళ్లు, నీళ్లలో ఆకులు. నా బల్ల లేదు. నా పుస్తకాల అర ఒరిగిపోయి ఉంది. మంచాన్ని మాత్రం ఒక మూలకు నెట్టి పైన ప్లాస్టిక్ పట్టా కప్పింది, ఎందుకో. నా గదిని గిన్నెల గోడౌను చేసింది.

మౌనం ఏదో అనబోయి నా మొహం చూసి ఊరుకున్నాడు. వాడు ఊరుకోవడం ఇది మొదటిసారి.

రాయకూడదనుకున్నాను కానీ రాస్తాను. ఏడేళ్ల కిందట, మా ఆవిడ పోయిన నెలకి, అక్కకు ఫోన్ చేశాను. అప్పటికి వారం నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు. "అక్కా, నేను అక్కడికి వచ్చేస్తాను" అన్నాను. "వద్దు" అంది. ఫోన్ పెట్టేశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. పిల్లాపాపా లేనివాణ్ని, నన్ను పెంచిన మనిషి, నా గది ఖాళీగానే ఉంది, వద్దు అంది. అప్పటి నుంచి ఏడాదికి రెండు ఫోన్లు. బాగున్నావా, ఆ, నువ్వు, ఆ. కోపమేమీ కాదు. వద్దన్నచోటికి వెళ్లకపోవడం కోపం కాదు కదా.

14, మంగళవారం

తోడుకు ఒకావిడ వచ్చి ఇల్లు చూసింది. మనిషి మంచిదే. గొంతు మరీ గట్టిది. పంపేశాను.

15, బుధవారం

పొద్దున్నుంచీ మౌనం కప్పు మీదే ఉన్నాడు. పెంకులు సర్దుతూ వీధి మొత్తానికి వార్తలు చెప్పాడు. కింద నర్సమ్మ నిచ్చెన పట్టుకుని, "ఈయన పడితే ముందు నోటికి కట్టు కడతాను," అంది. ఫ్యూజు నవ్వాడు. ఫ్యూజు నవ్వగా నేను చూడటం ఇది రెండోసారి. మొదటిసారి బళ్లో, మాస్టారి కుర్చీ విరిగినప్పుడు.

గది కురవడం ఆగిందో లేదో బకెట్లతో నీళ్లు పోసి చూశాం. ఆగింది.

16, గురువారం

ఇంకొకావిడ వచ్చింది. గొంతు మెత్తన. మరీ మెత్తన, అక్కకు వినపడదు. పంపేశాను.

17, శుక్రవారం

వరసగా రాయాలి.

ఆసుపత్రిలో అక్క మంచం మీద కూర్చుని టీ తాగుతోంది. ఇరవై అడుగులు వేశానంది, కళ్లలో కొంచెం గర్వం ఉంది. నాకూ ఏదైనా మంచి కబురు చెప్పాలనిపించింది.

"ముందు గది ఖాళీ అయిందక్కా. గోడలు కనపడుతున్నాయి. నువ్వు వద్దని చీటీలు పెట్టిన మూటలు కూడా పంపించేశాం."

"ఏ మూటలు?"

"బీరువా వెనకవి. పదకొండు."

గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. "పంపించేశారా? ఎక్కడికి?"

"పాత పేపర్లవాడికి. నువ్వే కదక్కా వద్దని రాశావు."

"ఒరేయ్, ముట్టుకోవద్దని రాశాన్రా! అప్పట్లో పనిమనిషి కనపడిందల్లా ఊడ్చి పారేస్తుంటే రాసి పెట్టాను. అక్కర్లేనిదానికి చీటీ ఎవరైనా పెడతార్రా? కాగితం దండగ, పిన్నీసు దండగ!"

అక్కర్లేనిదానికి చీటీ ఎవరైనా పెడతారా? ఇంత చిన్న విషయం. ముప్పై ఏళ్లు ఇతరుల తప్పులు పట్టుకుని బతికాను.

"అందులో ఏమున్నాయక్కా?"

"కటింగ్ కాగితాలు. పేపర్లు కత్తిరించి చొక్కాకీ లాగూకీ నమూనాలు చేసుకుంటాం చూడు, అవి. నాన్నవీ నావీ. వీధిలో అందరివీ. నీవి అయితే నీకు ఆరేళ్లప్పటి నుంచీ ఉన్నాయి." తర్వాత కిటికీవైపు చూసి, "పోనీలే," అంది. ఇంకాసేపటికి మళ్లీ, "పోనీలేరా. నువ్వేం చేస్తావు." తిడితే బాగుండేది. చిన్నప్పటిలా టేపు తీసుకుని కొడితే ఇంకా బాగుండేది.

బస్సులో కూర్చున్నాక ఇంకో ఆలోచన వచ్చింది. ఆ 'వద్దు' అన్న మాటను నేను ఇదివరకు ఇంకోచోట కూడా నాకు నేనే చదివేసుకున్నాను. దాని గురించి ఇవాళ రాయలేను.

18, శనివారం

పొద్దున్నే మౌనం ఇంటికి పరుగెత్తాను. వాడు పళ్లు తోముకుంటున్నాడు. సంగతి విని, నోట్లో బ్రష్షుతోనే, "విప్పి చూద్దామన్నాడురా ఫ్యూజు!" అన్నాడు. అవును, అన్నాడు.

పాత పేపర్లవాడు గోడౌను చూపించాడు. ఊరి చివర పెద్ద షెడ్డు, లోపల కప్పుదాకా కాగితం. గోడౌను ఆయన, ఒకసారి లోపలికి వెళ్లింది బయటికి రాదు, అది రూలు, అన్నాడు. మౌనం ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాడు. మా అక్క, తుంటి ఎముక, మెట్లు, చొక్కా, మేస్త్రి లేచి నిలబడటం. ముప్పావు గంటకి ఆయన తాళాలు మా చేతికిచ్చి బయటికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం రెండింటిదాకా వెతికితే ఆరు మూటలు దొరికాయి. దుప్పట్లను బట్టి గుర్తుపట్టాం. మిగతా ఐదూ గురువారం లారీలో కాగితం మిల్లుకు వెళ్లాయట. గురువారం నేను మెత్తటి గొంతు ఆవిడను పంపించే పనిలో ఉన్నాను.

ఇంటికి తెచ్చి, ఫ్యూజునూ నర్సమ్మనూ పిలిచి, ముందు గది నేల మీద విప్పాం. వీపులు, చేతులు, కాలర్లు, అన్నీ పేపరుతో కత్తిరించినవి. ఒక్కొక్కరివి ఒక కట్ట. ప్రతిదాని మీద పెన్సిలుతో అక్క రాత. బడి మాస్టారిది చదివాను: 'ఎడమ భుజం దిగుడు. ఆయనకి చెప్పకుండా సరిచెయ్యాలి.' నర్సమ్మది, ఆసుపత్రి కోటు: 'జేబు లోతుగా. చేతులు దాచుకుంటుంది.' నర్సమ్మ ఆ కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లిపోయింది. మౌనంది: 'మాట్లాడుతూ చేతులు ఊపుతాడు, చంక దగ్గర వదులు.' "ఒరేయ్, నా చొక్కా చంకలో ఎప్పుడూ చిరగలేదురా," అన్నాడు వాడు, నలభై ఏళ్ల రహస్యం తెలిసినట్టు. ఫ్యూజు చొక్కా కాగితం మీద ఒక గీత గీసి, 'అడగడు. బిగుతుగా ఉన్నా చెప్పడు. నేనే చూసుకోవాలి' అని రాసి ఉంది. వాడు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నాది అన్నిటికంటే లావు కట్ట. 'తమ్ముడు, ఆరేళ్లు.' 'తమ్ముడు, ఏడేళ్లు, పెరుగుతాడు, మడత మూడంగుళాలు.' పదేళ్లది, పదిహేనుది, ప్రెస్సులో చేరినప్పటిది, పెళ్లిది. నేల మీద ఒకదాని పక్కన ఒకటి పరిచాను. గుమ్మం దాకా వచ్చాయి. అవన్నీ నేనే.

కట్ట అడుగున ఒకటి మిగిలింది. మిగతావాటంత పసుపెక్కలేదు. పేపరు మీద తారీకు చూశాను. మా ఆవిడ పోయిన నెల. చొక్కా వీపు, పెన్సిలుతో: 'తమ్ముడు. చిక్కిపోయి ఉంటాడు. అంగుళం తగ్గించాలి.'

ఇంక రాయలేను.

19, ఆదివారం

అడిగేశాను.

"అక్కా, ఆ రోజు ఫోన్లో వద్దన్నావు."

"అన్నాను."

"ఎందుకన్నావు?"

"నీ గది కురుస్తోందిరా. మంచం మీదే పడుతున్నాయి నీళ్లు. వద్దు, ఒక్క నెల ఆగరా, కప్పు బాగు చేయించి నేనే వచ్చి తీసుకొస్తాను అనబోయాను. వద్దు అనగానే పెట్టేశావు."

"మళ్లీ చెయ్యొచ్చు కదక్కా."

"నువ్వూ చెయ్యొచ్చు కదరా."

ఇద్దరం నాన్న పిల్లలం. మొండితనం చెరిసగం పంచుకున్నాం.

"మంచం మూలకు లాగి పట్టా కప్పాను, అక్కడొక్కచోటే కురవదు. తర్వాత నా మోకాళ్లు పోయాయి. ఒక గది వదిలేశాను, తర్వాత పెరడు వదిలేశాను. ఏడాదికేడాది ఇంకా పాడైంది. ఈ కొంపలోకి నిన్ను ఏ మొహంతో రమ్మనను? సిగ్గేసిందిరా," అంది. అక్క నా ముందు సిగ్గన్న మాట అనడం ఎప్పుడూ వినలేదు.

వాక్యం సగంలో ఉండగానే ఫుల్‌స్టాప్ పెట్టింది నేను. ఏడేళ్లు దాన్నే చదువుకుంటూ కూర్చున్నాను. నా తప్పే. ఇక్కడ రాయడం కాదు, అక్కతోనే అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "చిక్కిపోయావు," అంది.

ఉండమని అడుగుతుందేమో అని చూశాను. అడగలేదు. ఉంటానని చెబుదామనుకున్నాను. ఇన్నేళ్లు పట్టించుకోనివాడు ఇప్పుడు ఏ హక్కుతో ఉంటానంటాడు? చెప్పలేదు. తోడు మనిషి దొరికిందా అంది. చూస్తున్నానన్నాను.

21, మంగళవారం

మెట్లు మూడూ కొత్తవి. వాటి పక్కన మౌనం నున్నగా చిత్రిక పట్టిన కర్ర కమ్మీ బిగించాడు. నర్సమ్మ కళ్లు మూసుకుని కుంటుతూ నాలుగుసార్లు ఎక్కి దిగి, సరే అంది. బాత్రూములో పట్టుకునే కమ్మీ. నేల మీద ఒక్క వైరు లేదు. మూటల కోసం ముందు గదిలో కొత్త అర. ఈ రోజు మాత్రం ఇల్లు నా చిన్నప్పటి వాసన వేసింది, సబ్బు, మిషను నూనె, నిమ్మాకు.

ఆరో తారీకున ఏం రాశానో వెనక్కి తిప్పి చదివాను. ఇంటి కోసం వచ్చాను, అంతే, అని ఉంది. నా చేతిరాతే.

తోడుకు ఎవరినీ పిలవలేదు ఇవాళ. టైము లేదు.

23, గురువారం

రేపే. తోడు మనిషి సంగతి అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. తెలుసు. అక్క ఒప్పుకుంటుందో లేదో తెలియడం లేదు.

24, శుక్రవారం

పదింటికి వ్యాను వచ్చింది. అక్క దిగింది, నాలుగు కాళ్ల స్టాండు పట్టుకుని. గేటు దగ్గర ఆగి మొత్తం చూసింది. మేము నలుగురం వరసగా నిలబడ్డాం, పరీక్ష రాసిన పిల్లల్లా.

నడిచింది. అమ్మాయి వెనకే కాగితాలు పట్టుకుని అడుగులు లెక్కపెడుతోంది. ముందు గదిలో అక్క మిషను మీద చెయ్యి వేసి, అరవైపు చూసింది. "ఆరా?" అంది. "ఆరే అక్కా. ఐదు పోయాయి," అన్నాను. "పోనీలే. ఆ కొలతలు నాకు నోటికొచ్చు," అంది. తర్వాత కిటికీ వైపు తిరిగి, "ఈ తెర ఎవడు కుట్టాడు?" ఫ్యూజు చెయ్యెత్తాడు. "కరెంటు పని ఇంతకంటే బాగా చేశావనుకుంటాను," అంది. వాడు తలూపాడు.

బాత్రూము, మంచం, మెట్లు. ఎక్కడా తడబడలేదు. నా గది గుమ్మంలో మాత్రం చాలాసేపు నిలబడి కప్పు చూసింది. "కురవదా?" అంది. "కురవదక్కా," అన్నాడు మౌనం. ఆ ఒక్క మాటే అన్నాడు.

వంటింట్లో కుర్చీలో కూర్చోబెట్టాం. అమ్మాయి టేబుల్ మీద పత్రం పరిచింది. "ఇల్లు చాలా బాగుందమ్మా. ఇంక ఒక్కటే మిగిలింది. మీకు తోడుగా ఇంట్లో ఎవరుంటారు? ఇక్కడ పేరు రాయాలి."

మౌనం నావైపు చూశాడు, నేను అక్కవైపు చూశాను, అక్క టేబుల్ వైపు చూస్తోంది. తను అడిగితే ఉందామని నేను. నేను అంటే విందామని తను. ఇలాగే ఏడేళ్లు పోయాయి. ఇంకో నిమిషం పోనిస్తే హోము పేరు రాస్తారు.

"నేనుంటానమ్మా," అన్నాను. "తమ్ముణ్ని. అక్కకు తోడుగా నేనుంటాను. రాసుకోండి."

అమ్మాయి పెన్ను ఎత్తింది.

"అలా రాయకమ్మా," అంది అక్క.

ఈసారి మాత్రం ఆగాను. వాక్యం పూర్తి కానిచ్చాను.

"వాడి పెళ్లాం పోయి ఏడేళ్లయింది. అప్పట్నుంచీ ఒక్కడే ఉంటున్నాడు. వాడికి తోడుగా నేనుంటానని రాయి."

అందరి ముందూ ఏడ్చాను. యాభై ఏడేళ్ల మనిషిని, నర్సమ్మ ముందు, ఆ అమ్మాయి ముందు, మొహం దాచుకోకుండా ఏడ్చాను. అక్క పైట కొంగు ఇచ్చింది, తుడుచుకున్నాను.

పత్రంలో అలా రాయడానికి గడి లేదట. అమ్మాయి కాసేపు పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించి, ఉన్న ఒక్క గడిలోనే మా ఇద్దరి పేర్లూ ఇరికించి రాసి, సంతకం పెట్టింది. సోమవారం పంపిస్తామంది.